మూడు మూటల విత్తనాలు, ఒక ఎర్ర వీపు సాలీడు

పాడైపోయిన సీడీ ప్లేయరును పాత సామాన్లవాడికి వేసేయమని మా అత్త ఆరు నెలలు పోరింది. నేను వినలేదు. ఎవరి మాటా తొందరగా వినకపోవడం నా జబ్బు. ఒకరోజు కుట్టుమిషను స్క్రూడ్రైవరు తీసుకుని దాని పొట్ట విప్పాను. లోపల కందిగింజంత అద్దం! దాన్ని జడపిన్నులో ఇరికించి ఫోను కెమెరా మీద అతికిస్తే చీమ కూడా దున్నపోతంత కనిపిస్తుందని ఏదో వీడియోలో చూసి ఉన్నాను. అతికించాను. మొదట నేను కుడుతున్న జాకెట్టు గుడ్డ మీద పెట్టి చూశాను. అబ్బబ్బ, అది గుడ్డ కాదు, నులకమంచం! ఒక్కొక్క పోగూ తాడంత లావు. ఇక ఆ పూట మిషను ఎక్కితే ఒట్టు. ఉప్పు చూశాను, చక్కెర చూశాను, పడుకుని ఉన్న మా బావ మీసం చూశాను. ఆయన ఉలిక్కిపడి లేచి, "ఏందిమే, పొద్దన్నే నా మొగం మీద పడినావు?" అని కసిరాడు.

మా బావ అంటే నా మొగుడే. మా నాయన చెల్లెలి కొడుకును చేసుకున్నాను కాబట్టి అత్త నాకు పుట్టినప్పటి నుంచీ అత్తే. అందుకే మా ఇద్దరి మధ్యా మర్యాదలు తక్కువ, మాటలు ఎక్కువ. మా ఊరు గార్లదిన్నెకు ఆటోలో ఇరవై నిమిషాలు. బావ మిట్ట మీద ఎర్రనేల చేను చేస్తాడు, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను.

సాలీడు నా జీవితంలోకి కిటికీలోంచి వచ్చింది. మిషను పక్కన కిటికీ ఊచ మీద శనగబద్ద అంత గెంతుడు సాలీడు కూర్చుని ఉంది. గూడు అల్లి కాచుకునే రకం కాదు, పిల్లిలాగా పొంచి దూకి ఈగను పట్టే రకం. మెల్లగా ఫోను దగ్గరికి జరిపాను. అది తల తిప్పి నన్ను చూసింది. అవునండీ, నన్నే చూసింది! ముందు రెండు పెద్ద కళ్ళు, నల్లగా, నిగనిగలాడుతూ, అప్పుడే నూనెలో ముంచి తీసినట్టు. వాటి పక్కన రెండు చిన్నవి. తల మీద మరో నాలుగు. కళ్ళ కింద తెల్లటి మీసాలు. పెళ్ళిలో తెర దించినప్పుడు మా బావ కూడా నన్ను అంత తేరిపార చూడలేదు. నేను గట్టిగా అరిచాను. భయంతో కాదు, సంతోషంతో. ఇన్నేళ్ళు ఈ ముఖాలన్నీ నా ఇంట్లోనే ఉన్నాయి, నేనేమో చీపురుతో కొట్టి పారేశాను కదా అని ఏడుపు కూడా వచ్చింది. ఏడుస్తూ నవ్వుతూ ఉంటే మా అత్త వచ్చి నుదురు పట్టుకుని జ్వరం ఉందేమోనని చూసింది.

ఈ ఫోటోలు తీయడం వినడానికి సులువు. ఆ అద్దంతో తీయాలంటే ఫోను సాలీడుకు గోరంత దూరంలోకి వెళ్ళాలి. కన్ను స్పష్టంగా పడితే కాలు మసక, కాలు పడితే కన్ను మసక. ఊపిరి వదిలితే అంతా మసక. ఎండ నేరుగా పడితే వీపు తెల్లగా కాలిపోయినట్టు వస్తుంది, అందుకని జాకెట్లకు వేసే తెల్ల లైనింగు గుడ్డ అడ్డం పెట్టి వెలుగును మెత్తబరుస్తాను. ఇంత చేసి బొటనవేలు నొక్కబోయే క్షణంలో ఎవరో ఒకరు, "అక్కా, నా జాకెట్టు అయిందా?" అని వస్తారు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఒకామెను అలా తిట్టి పంపితే ఆమె మూడు నెలలు వేరే ఊళ్ళో కుట్టించుకుంది. చంకలో బిగువుగా ఉందని మళ్ళీ నా దగ్గరికే వచ్చిందనుకోండి.

మా అత్తకు బూజు అంటే పగ. వారానికి ఒకసారి బూజుకర్ర ఎత్తిందంటే ఇంట్లో ఏ మూలా మిగలదు. చివరకు ఒప్పందానికి వచ్చాం. మిషను పక్కన కిటికీ నాది, ఆమె కర్ర అటు రాకూడదు. వంటిల్లు ఆమెది, నా సాలీళ్ళు అటు రాకూడదు. సాలీళ్ళకు ఈ ఒప్పందం ఎవరూ చెప్పలేదు గానీ, మొత్తానికి ఇల్లు నడిచింది.

అలా నడుస్తుండగా పోయిన ఏడు ఆరుద్ర కార్తె వచ్చింది.

మా సీమలో ఆ రోజుల్లో ఎవరిని కదిపినా ఒకటే మాట: పదును అయిందా? అంటే విత్తడానికి సరిపడా నేల తడిసిందా అని. మృగశిర అంతా గాలి తోలి పోయింది. మా ఇంటి మూల మూడు మూటల వేరుశెనక్కాయలు ఉన్నాయి, విత్తనానికని దాచినవి. రెండేళ్ళు పంట పోయి విత్తనం బయట తెచ్చుకున్నాం. ముందు ఏడు ఆలస్యంగానైనా ఏదో దేవుడు చల్లగా చూస్తే ఈ మూడు మూటలు మిగిలాయి. వాటిలోంచి ఒక్క కాయ కూడా అత్త ఎవరినీ నోట వేసుకోనివ్వలేదు. నేను ఒకసారి గుప్పెడు ఉడకేస్తానంటే, "ఇత్తనం తినేటోళ్ళు బాగుపడినారా యాడన్నా?" అని నా చేతి మీద కొట్టింది. ఈ మూడు మూటలు పోతే ఆ ఏడు మా చేను బీడే. అంతకు మించి దాచుకున్నది లేదు.

శెనక్కాయ విత్తనంతో ఒక తిరకాసు ఉంది. పొట్టులో ఉన్నంత కాలం కాయ భద్రం. ఒలిచి గింజ చేశామా, రోజులు గడిచేకొద్దీ మొలక బలం పోతుంది. అందుకే వాన ఖాయమయ్యే దాకా ఎవరూ ఒలవరు. ఒలవడం మొదలైతే వీధి వీధంతా వంతులవారీగా సాగుతుంది. ఇవాళ ఆడవాళ్ళందరూ ఒక ఇంటికి, రేపు ఇంకో ఇంటికి. వంతు తప్పితే మళ్ళీ చివరకు పోతుంది.

ఆరుద్ర రెండో నాటి సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. చాలవో, చాలునో ఎవరికీ తెలియదు. మా దగ్గర వాన ఈ గట్టున పడితే ఆ గట్టున పడదు. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు అంటారు, కానీ కురిసిందో లేదో చెప్పేది మాత్రం ఆరుద్ర పురుగే. ఎర్రగా, పట్టుగుడ్డ చుట్టినట్టు, కందిగింజంత ఉంటుంది. నేల లోతుగా తడిస్తేనే పైకి వస్తుంది. చిన్నప్పుడు అగ్గిపెట్టెల్లో గడ్డి వేసి పెంచేవాళ్ళం. మూడేళ్ళుగా మా చేలల్లో ఒక్కటీ కనబడలేదు.

మర్నాడు పొద్దున్నే ముందు గోడ రాళ్ళ మీద నాకు ఎర్ర వీపు సాలీడు కనిపించింది. అబ్బ, ఏమి రంగు! తడిపిన కుంకుమ. అట్లాంటిది అంతకు ముందు చూడలేదు, ఆ రోజు తర్వాత మళ్ళీ చూడలేదు. బోర్లా పడుకుని నలభై ఫోటోలు తీశాను. దొంగముండ, ముఖం మాత్రం చూపించదే! ఎటు తిరిగితే అటు వీపే పెట్టింది. కాళ్ళన్నీ మసకగా వచ్చాయి. చివరకు ఒక ఫోటోలో వీపు మీది నూగు ఒక్కొక్క వెంట్రుకగా పడింది. మసక కాళ్ళు నా పరువు తీస్తాయని వాటిని కోసేసి, వీపు ఒక్కటే ఫోను నిండా ఉండేట్టు చేసి, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. మాట ఒక్కటీ రాయలేదు. అంత అందానికి మాటలెందుకు అని నా పొగరు.

పెట్టి, లైనింగు గుడ్డా హుక్కులూ అయిపోయాయని అనంతపురం బస్సెక్కాను. బావ అప్పటికే విత్తనం వేసే గొర్రు బాగు చేయించడానికి గార్లదిన్నె పోయి ఉన్నాడు. బస్సులో ఆ నలభై ఫోటోలూ తిప్పి తిప్పి చూసుకునేసరికి ఫోను చచ్చింది.

మధ్యాహ్నం మూడుకు ఊళ్ళో దిగి మా వీధి మలుపు తిరిగేసరికి పటపటమని చప్పుడు. మా ఇంటి ముందు పది పన్నెండు మంది ఆడవాళ్ళు చేటలు పెట్టుకుని కాయలు ఒలుస్తున్నారు! ఒకామె వక్కాకు నములుతూ మంగళహారతి అందుకుంది. మా అత్త చీర చెంగు నడుముకు దోపుకుని అందరికీ మజ్జిగ పోస్తోంది. నాకు గుండె ఉప్పొంగింది. నేను లేని పూట వాన పడిందన్నమాట! బస్సు దారిలో నేల పొడిగానే ఉందే అని అనుమానం రావాలి కదా? రాలేదు. సంచి గోడకు ఆనించి, ఒక చేట లాక్కుని వాళ్ళ మధ్య కూలబడ్డాను. ఇద్దరు ఒలిచేటన్ని నేనొక్కదాన్నే ఒలిచాను. పాటకు వంత కూడా పాడాను. చాలాసేపటికి ఊపిరి తీసుకుని అడిగాను.

"అత్తా, వాన ఎంతసేపు పడింది?"

"వానా? వాన యాడ పడింది?"

"మరి పదును అయిందని ఎవరు చెప్పినారు?"

"నువ్వే కదమ్మే!" అంది అత్త, ముఖమంతా నవ్వుతో. "ఆరుద్ర పురుగును ఫోటో పట్టింది నువ్వు కాదా? మా అన్న కూతురి కండ్లకే పడినాది మొదట, అని ఊరంతా చెప్పుకుంటాండా."

ఎదురింటి చిన్నమ్మ తన ఫోను నా ముందు పెట్టింది. నిండా ఎర్ర వీపు. నేను కోసి, దిద్ది, పొగరుగా పెట్టిన వీపు.

నా చేతిలో గింజ చేతిలోనే ఉండిపోయింది. చుట్టూ చూశాను. రెండు మూటలు ఖాళీ. గింజలు గోనె మీద గులాబీ రంగులో కుప్పగా మెరుస్తున్నాయి. మూడో మూట మూతి తాడు సగం విప్పి ఉంది. రేపు చిన్నమ్మ ఇంటి వంతు, ఎల్లుండి ఆ పక్కింటిది. వీధిలో ఉన్న విత్తనమంతా నా సాలీడు వెనక బయలుదేరింది. ఆకాశం వైపు చూశాను, తుడిచిపెట్టినట్టు ఉంది. ఒక్క నిమిషం, నిజం చెబుతున్నా, నోరు మూసుకుందామనుకున్నాను. వాన పడకపోతుందా, పడితే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. అంతలో మా అత్త మూడో మూట తాడు మీద చెయ్యి వేసింది.

"అత్తా, ఆగు! అది ఆరుద్ర పురుగు కాదు. సాలెపురుగు!"

పాట ఆగింది. తర్వాత అందరూ ఒక్కసారిగా నవ్వారు.

"ఇంత ఎర్రంగా సాలెపురుగు యాడుంటాదమ్మే?" అంది చిన్నమ్మ.

"ఒట్టు చిన్నమ్మా. దానికి ఎనిమిది కాళ్ళు ఉన్నాయి. నేనే కోసేసినా."

"ఆరుద్ర పురుగుకూ ఎనిమిదే," అంది అత్త. "చిన్నప్పుడు లెక్కపెట్టినాంలే. నువ్వు మూడో మూట మిగిలించుకుని ఉడకేసుకోవాలని యేసాలు పడతాండావు."

"చేనుకు పోయి తవ్వి చూద్దాం రా!"

"పురుగు కంటే నీకు బాగా తెలుసునా? అది నేల లోపల ఉండి వచ్చింది, నువ్వు బస్సులో తిరిగి వచ్చినావు."

మూడేళ్ళ తర్వాత వచ్చిన మంచి కబురును వాళ్ళు వదులుకోరు. నేనైనా వదలను. కాళ్ళతో లాభం లేదని అర్థమైంది. ఆరుద్ర పురుగుకు లేనిదీ, నా సాలీడుకు ఉన్నదీ ఒకటే. ముఖం. ఆ రెండు పెద్ద కళ్ళు.

"అత్తా, దాని మొగం చూపిస్తే నమ్ముతావా?"

అత్త నా వైపు చూసింది. ఆమె ముఖంలో నవ్వు కొంచెం తగ్గింది. "చూపీ. అంతదాకా తాడు ఇప్పను. తొందరగా కానీ, వీళ్ళకు పోయే పొద్దయితాంది."

ఫోనును పావుగంట చార్జింగుకు పెట్టి, జడపిన్ను అతికించి, గోడ దగ్గర బోర్లా పడ్డాను. నా వెనక పన్నెండు మంది ఆడవాళ్ళు. ఒక్కొక్క రాయి సందూ వెతికాను. తేలు కనిపించింది, దానికో దండం పెట్టాను. పొద్దున చూసిన రాయికి రెండు మూరల అవతల, సందులో, ఎర్రగా! ఈగను నోట కరుచుకుని తింటోంది. ఎప్పటిలాగే వీపు మాకు పెట్టి.

"ఇటు తిరుగు తల్లీ," అంది చిన్నమ్మ, కొత్త పెళ్ళికూతురిని బతిమాలినట్టు.

"ఊపిరి పీల్చద్దండి!" అని కసిరాను. అందరూ నోటికి చెంగులు అడ్డం పెట్టుకున్నారు. అనంతపురం నుంచి తెచ్చిన కొత్త లైనింగు గుడ్డ విప్పి ఎండకు అడ్డంగా పట్టుకోమని అత్తకు ఇచ్చాను. ఆమె వంగి, రెండు చేతులతో పట్టుకుని, చిటికెన వేలు మాత్రం బయట పెట్టి సందు దగ్గర మెల్లగా ఆడించింది. ఎవరూ చెప్పలేదు ఆమెకు. కదిలేది ఏదైనా ఉంటే ఈ సాలీడు తిరిగి చూడకుండా ఉండలేదని నేను ఆర్నెల్లకు నేర్చుకున్నాను, ఆమె బూజు దులుపుతూ దులుపుతూ ఎప్పుడో కనిపెట్టి ఉంటుంది.

అది తిరిగింది. నొక్కాను.

ఫోను చేతులు మారింది. ఒకామె "అమ్మో!" అని వదిలేస్తే ఇంకొకామె పట్టుకుంది. ఎర్ర నూగు మధ్య నల్లటి రెండు పెద్ద కళ్ళు, తెల్ల మీసాలు, నోట్లో ఈగ. చిన్నమ్మ చాలాసేపు చూసి, "మా ఇంటాయప్ప ముద్ద మింగేటప్పుడు అచ్చం ఇట్లే ఉంటాడు," అంది. ఇక ఆగలేదు ఎవరూ. విత్తనం పోయిందన్న మాట మరిచిపోయి, గోడకు ఆనుకుని, ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నేనూ నవ్వుతూనే ఖాళీ మూటల వైపు చూశాను.

అత్త నవ్వలేదు. ఫోనును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, "ఈ కంట్లో తెల్లగా ఉండేదేంది?" అంది. పెద్దది చేసి చూపించాను. సాలీడు కంట్లో తెల్ల గుడ్డ కనిపిస్తోంది. గుడ్డ పైన, సూది మొనంత, వంగిన తల.

"అది నువ్వే అత్తా."

ఆమె ఫోను నా చేతికిచ్చేసింది. వెళ్ళి మూడో మూట తాడు బిగించి, రెండు ముళ్ళు వేసింది. అప్పుడు మొదలుపెట్టింది తిట్టడం. నా పుట్టుక నుంచి అందుకుని మా నాయన పెంపకం దాకా వచ్చింది. నోరెత్తకుండా తిట్లు పడటం నా జన్మలో అదే మొదలు. సందెవేళకు బావ వచ్చాడు. దారిలో చేనులో దిగి తవ్వి చూశాడట. "బెత్తెడు కూడా తడవలా," అన్నాడు. గింజల కుప్పను చూశాడు, నన్ను చూశాడు. నేను ఏడ్చాను. ఆయన ఒక గింజ తీసి నోట్లో వేసుకుని నమిలి, "మంచి ఇత్తనం," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

వాన రాలేదు. ఆరుద్ర వట్టిదే పోయింది. ఆ రెండు మూటల గింజల్లో కొంత నూనెమిల్లుకు పోయింది, మిగతాది మేమే తిన్నాం. చట్నీ, ఉండలు, పొడి, మళ్ళీ చట్నీ. ప్రతి ముద్దకూ అత్త, "తిను, సాలెపురుగు పెట్టిన కూడు," అనేది. అద్దం పీకి జడపిన్నును జడలోకే పెట్టేశాను. కిటికీ వైపు చూడలేదు. అత్త బూజుకర్ర మాత్రం ఆ కిటికీ జోలికి రాలేదు, ఎందుకో నేను అడగలేదు.

పునర్వసు కార్తె చివరలో రెండు రోజులు వాన దంచింది. మూడోనాడు తెల్లవారుతూనే చేనుకు పోయిన అత్త, మోకాళ్ళ దాకా ఎర్రబురదతో, గుప్పిలి మూసుకుని ఇంట్లోకి వచ్చింది. ఆమె వెనక చిన్నమ్మ, ఆ వెనక వీధి ఆడవాళ్ళందరూ, చేటలు చంకన పెట్టుకుని. ఎవరూ గడప దాటలేదు. అత్త నా మిషను మీద, కోసిన జాకెట్టు గుడ్డ మీద, గుప్పిలి విప్పింది. ఎర్రటి పట్టు ఉండ ఒకటి మెల్లగా కాళ్ళు చాచింది.

"మొగం తీ," అంది.

"అత్తా, ఇది చూస్తేనే తెలుస్తాంది కదా..."

"నాకు తెలీదు. తీసి చూడు. నువ్వు చెప్పినాకనే ఒలిసేది."

అద్దం వెతికి, జడలోంచి పిన్ను తీసి అతికించాను. అత్త అడగకుండానే లైనింగు గుడ్డ అందుకుని కిటికీ వెలుగుకు అడ్డం పట్టింది. ఊపిరి బిగపట్టాను. గుమ్మంలో అందరూ బిగపట్టారు. తీశాను, పెద్దది చేసి చూశాను. పెద్ద కళ్ళు లేవు. మీసాలు లేవు. ఎర్ర పట్టు, దాని ముందు చివర ఆవగింజలో సగం కూడా లేని చుక్కలు.

"సాలెపురుగు కాదు," అన్నాను.

"ఇంకొకతూరి చూడు."

ఇంకొకసారి చూశాను. తర్వాత వీధి చివరకు వినబడేటట్టు అరిచాను. "ఒలవండమ్మో!"

అత్త గుడ్డ మడిచి మిషను మీద పెట్టి, మూలకు పోయి మూడో మూట ముళ్ళు రెండూ విప్పింది. మొదటి చేరెడు కాయలు తెచ్చి నా ఒళ్ళో పోసింది.